డ్రమ్ముకు తండ్రి పేరేం రాయాలి?

ఆ సోమవారం చేవెళ్లలో మా జూనియర్ కాలేజీలో లెక్కల క్లాసు. సారు బోర్డు మీద డిఫరెన్షియేషన్ వేస్తున్నాడు. నాకు బోర్డు మసకగా కనిపించడం మొదలైంది. డిఫరెన్షియేషన్ చూస్తే కళ్లు మసకబారడం మా క్లాసులో సగం మందికి ఉన్న జబ్బే కాబట్టి నేను పట్టించుకోలేదు. తరువాత నోట్లో నీళ్లు ఊరడం మొదలైంది. డిఫరెన్షియేషన్ చూసి నోరూరినవాడు మాత్రం మా కాలేజీ చరిత్రలో లేడు. అప్పుడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

మధ్యాహ్నానికి చెమటలు, కడుపులో మెలితిప్పడం, రెండు వాంతులు. సాయంత్రం ఇంటికి వెళ్లి చెబితే బాపు నా మొహం వైపు కాకుండా గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"పరీక్ష ఎప్పుడురా?"

"రేపు."

"మరింకేం. జబ్బు టైముకే వచ్చింది."

ఆయన అనుమానానికి ఆధారం లేకపోలేదు. పదో తరగతిలో పరీక్షలప్పుడు నాకు మూడుసార్లు కడుపునొప్పి వచ్చింది. ఒకసారి ఎడమపక్క, ఒకసారి కుడిపక్క. మూడోసారికి ముందు ఎక్కడ చెప్పానో మర్చిపోయి నడుమ చెప్పాను. అదీగాక నేను ఏది చెప్పినా నవ్వులాటగా చెబుతానని ఊళ్లో పేరు. ఈసారి మంగళవారం పరీక్ష అయిపోయే వేళకు ఒళ్లు పూర్తిగా కుదుటపడింది. ఇది నా కేసును చాలా దెబ్బతీసింది.

గురువారం మళ్లీ వచ్చింది. ఆ రోజు పరీక్ష లేదు. బాపు క్యాలెండర్ అంతా తిరగేసి, ఏమీ దొరక్క, "రికార్డు గిట్ల రాయాల్నా?" అని అడిగాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది మొయినాబాద్ మండలం. చామంతి తోట, కొంచెం బెండ, కొంచెం టమాట. అవి సిటీ పడమర పక్క అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. ఇంటర్లో ఎంపీసీ తీసుకోని పిల్లవాడిని చుట్టాలు పరామర్శించి వెళ్లేవాళ్లు. నేనూ ఎంపీసీయే. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మా ఊరి పొలాల గట్ల మీద నల్ల కళ్లద్దాల బ్రోకర్లు తిరగడం మొదలైంది కూడా అప్పుడే. బాపుకు ఒక్కడే తమ్ముడు, మల్లేశం కాక. కాక తన వాటా అమ్ముదామన్నాడు. బాపు వద్దన్నాడు. ఆ ఎండాకాలంలో ఇద్దరూ వేరుపడ్డారు.

మా దగ్గర వేరుపడటం అంటే అన్నీ వేరుపడాలి. లేకపోతే పెద్దమనుషులకు తృప్తి ఉండదు. భూమి, బర్లు, గడ్డపారలు, చివరికి తోటలో ఉన్న రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కూడా చెరొకటి. కాకకు అప్పటిదాకా ఆటో ఉండేది, మా పూలు దాంట్లోనే పోయేవి. వేరుపడ్డాక ఆయన ఆటో అమ్మేసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సుమో నడపడానికి కుదిరాడు. కాబట్టి సాఫ్ట్‌వేర్ రంగంలో మా ఇంటి నుంచి మొదట చేరింది కాక, దాని ఫలితం మొదట మోసింది నేను. మోయడం అంటే నిజంగా మోయడమే. సోమవారం, గురువారం తెల్లవారగానే తెంపిన పూలను అమ్మ తన పాత నూలు చీర తడిపి, దాంట్లో మూటకట్టి నా ఎడమ భుజం మీద పెట్టేది. మెయిన్ రోడ్డు మీదికి పూల వ్యాను వస్తుంది. అక్కడిదాకా నడిచి, మూట అందులో వేసి, అటునుంచి అటే బస్సెక్కి చేవెళ్ల కాలేజీకి పోయేవాణ్ని. చొక్కా సగం తడి. క్లాసులో నా నుంచి చామంతి వాసన వస్తుంటే మా రమేశ్ "పెండ్లిపిలగాడు వచ్చిండు, జరుగుండ్రి" అనేవాడు.

మొదట మా ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లాం. ఆయన పొట్ట మీద రెండు వేళ్లతో కొట్టి విన్నాడు. "గ్యాస్ ట్రబుల్. సదువుకునే పోరగాండ్లందరికీ గిదే" అని సెలైన్ ఎక్కించాడు. శనివారానికి నేను లేచి తిరిగాను. పేరు ఆయనకు వచ్చింది. సోమవారం మళ్లీ పడ్డాను. అప్పుడు పేరు నాకు వచ్చింది: బయట తిండి తింటున్నానట.

నాలుగో వారం బాపు నన్ను సిటీలో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. స్కానింగ్, ఎండోస్కోపీ, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం. మంగళవారం చేరాను, ఆదివారం దాకా ఉన్నాను, ఒక్క చెమట చుక్క పట్టలేదు. నాకే నా మీద అనుమానం వచ్చింది. టై కట్టుకున్న డాక్టరు రిపోర్టులు చూసి, "ఆల్ నార్మల్. ఇది యాంగ్జయిటీ. పిల్లాడి మీద ప్రెషర్ పెడుతున్నారా?" అని అడిగాడు.

"మేమేడ పెడుతున్నం సార్," అన్నాడు బాపు. "వాడే మా మీద పెడుతున్నడు."

ఇంటికొచ్చిన మర్నాడు సోమవారం. మూట మోశాను. పదకొండింటికల్లా కాలేజీ గోడ వెనుక వాంతులు. ఈసారి కాళ్ల పిక్కల్లో కండలు వాటంతట అవే చిటుక్కు చిటుక్కుమని కదిలాయి, లోపల చీమలకు పెళ్లి జరుగుతున్నట్టు.

అప్పుడు అమ్మకు వచ్చింది అనుమానం.

"సిటీల ఆరు దినాలుండె, ఏం కాలే. ఇంట్ల కాలు పెట్టంగనే ఎందుకొచ్చె? ఇది దవాఖాన రోగం కాదు. ఎవరో చేసిన్రు."

ఎవరో అంటే ఎవరో కాదు. మా గట్టు అవతల, కాక వాటాలో, కుంకుమ అద్దిన నిమ్మకాయ ముక్క ఒకటి దొరికింది. చేతబడికి బాణామతి అని ఆ పక్క ఇళ్లలో ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకునే మాటను అమ్మ గొంతు తగ్గించకుండానే అంది.

"అవ్వా, అది సుమో టైరు కింద పెట్టిన నిమ్మకాయే," అన్నాను అమ్మతో. "నిమ్మకాయలతోని రోగం వస్తే ఆర్టీఏ ఆఫీసుల ఒక్కడు బతకడు."

"నువ్వు నోర్మూసుకో. నీకు ఎరుకలేదు మీ కాక సంగతి. భూమి అమ్మనియ్యలే అని కడుపుల పెట్టుకున్నడు."

ఒక్క మాట చెప్పాలి. ఇప్పుడు నేను చదివే పుస్తకాల్లో ఉంది: పేషెంటు చోటు మారితే తగ్గిందా, తిరిగొస్తే పెరిగిందా అని తప్పక అడగాలి. అమ్మ ఏ పుస్తకమూ లేకుండా సరిగ్గా అదే అడిగింది. ప్రశ్న సరైనదే. జవాబుకే తొందరెక్కువైంది.

ఆ గురువారం పొద్దున మూట వ్యానులో వేసి మొయినాబాద్ బస్టాపులో నిలబడ్డాను. పక్కన సుమో ఆగింది. కాక. వేరుపడ్డాక మేం మాట్లాడుకోవడం లేదు. ఆయన అద్దం దించి నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"ఏందిరా శీను, గట్ల ఒణుకుతున్నవ్?"

"మాట్లాడొద్దన్నరు గద కాకా, భయం."

"ఎక్కు."

చేవెళ్లలో హోటల్ ముందు ఆపి టీ, బన్ను ఇప్పించాడు. టీ చేదుగా ఉంది. నేను తాగుతున్నంతసేపూ ఆయన నా మొహమే చూస్తున్నాడు. అమ్మ మాట చెవిలో ఉంది కాబట్టి ఆ చూపు నాకు నచ్చలేదు. గంట తరువాత కెమిస్ట్రీ ల్యాబులో కింద పడ్డాను. రమేశ్ తరువాత ఒప్పుకున్నాడు: "యాక్టింగ్ జేస్తున్నవనుకొని ఐదు నిమిషాలు చూసినం రా. నోట్ల నురుగు మస్తు చేసినవ్ అని గూడ అనుకున్నం."

చేవెళ్ల రోడ్డు మీద ఒక ట్రస్టు దవాఖాన ఉండేది. అక్కడికి ఆటోలో వేసుకెళ్లారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న మనిషి, నాకు అక్క వయసు ఉంటుంది. మొహంలో నిద్ర చాలనితనం, తెల్లకోటు జేబులో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. నా కళ్లలో టార్చి వేసింది.

"ప్యూపిల్స్ పిన్‌పాయింట్ ఉన్నయి. అట్రోపిన్ లోడ్ చెయ్యండి. షర్టు తియ్యండి, ఒళ్లు సబ్బుతో తుడవండి." నా మీదికి వంగింది. "ఏం మందు తాగినవ్?"

"టీ."

"టీల ఏం కలుపుకున్నవ్?"

"చక్కెర. అది గూడ తక్కువైంది."

ఎవరూ నవ్వలేదు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. మా పక్క దవాఖానల్లో టార్చి వేసినప్పుడు కంటిపాపలు అలా సూదిమొనంత కనిపిస్తే పిల్లవాడు పురుగుల మందు తాగాడనే అర్థం. తరువాత రెండు ప్రశ్నలు అడుగుతారు: పరీక్ష ఫెయిలా, ప్రేమ ఫెయిలా? నేను రెండింటికీ అర్హుణ్నే గానీ అందుకోసం మందు తాగేంత ఓపిక లేదు. ఆ మాట నేను చెబితే నమ్మేవాళ్లు ఎవరు? ఎంఎల్‌సీ రాశారు, అంటే పోలీసులకు కబురు.

అమ్మ వచ్చి, "మందు తాగిండు" అన్న మాట విని, వరండాలో కూలబడి ఏడ్చింది. పక్క బెడ్ల వాళ్లు తమ నొప్పులు ఆపుకుని మరీ చూశారు. రమేశ్ ఊరుకోకుండా టీ సంగతి చెప్పాడు. అమ్మ ఏడుపు ఆపేసింది. ఆ తరువాత ఆమె అన్న మాటకు నాకు ఆ ఏడుపు కంటే ఎక్కువ భయం వేసింది:

"నా కొడుకు తాగలే. తాపిండ్రు."

శుక్రవారం సంగతి నాకు గుర్తు లేదు, బాపు చెప్పిందే. విరుగుడుగా ఎక్కించే అట్రోపిన్ ఎక్కువైతే మనిషికి భ్రమలు వస్తాయి. నోరు ఎండిపోతుంది, మొహం ఎర్రబడుతుంది, లేనివి కనిపిస్తాయి. నేను దుప్పటి మీద పూలు తెంపడం మొదలుపెట్టానట. చామంతి తెంపినట్టే, కాడను గోరుతో గిల్లి, ఒళ్లో వేసుకుంటూ. ఒళ్లు నిండాక మూటకట్టి భుజానికెత్తి, దించి, ఎడమ భుజం, మెడ తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి. ఇంట్లో ఏనాడూ అంత శ్రద్ధగా పని చేయలేదని బాపు ఇప్పటికీ అంటాడు. అమ్మ మాత్రం అది చూసి బాణామతికి ఇంతకంటే రుజువు ఏం కావాలంది. డాక్టరమ్మ బిస్కెట్ తింటూ బెడ్ కాళ్ల దగ్గర నిలబడి చాలాసేపు చూసి, కేస్‌షీట్ మీద ఏదో రాసుకుని వెళ్లిందట.

శనివారం భ్రమ దిగింది. పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. పెద్ద వయసు మనిషి, ప్యాడు మీద కాగితం పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"చెప్పు తమ్మి. నువ్వే తాగినవా, ఎవరన్న ఇచ్చిన్రా?"

"మా మరిదే ఇచ్చిండు. పేరు రాసుకోండ్రి, మల్లేశం," అంది అమ్మ.

బాపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సొంత తమ్ముడి పేరు పోలీసు కాగితం మీదికి ఎక్కుతుంటే ఆయన మెడలో నరం ఒకటి కదలడం నాకు కనిపించింది.

"నువ్వు చెప్పాలె," అన్నాడు కానిస్టేబుల్ నాతో. "టీ ఎట్లున్నది?"

"చేదున్నది."

"మీ కాక మీద అనుమానం ఉన్నదా?"

నేను తల ఊపాను.

ఇక్కడ జోకు లేదు. ఆ క్షణంలో నిజంగానే నమ్మాను. నిమ్మకాయ చూసి నవ్విన నోటితోనే టీ చేదు అన్నాను. ఆ చూపు గుర్తొచ్చింది, అమ్మ మాట గుర్తొచ్చింది, తల కిందికి కదిలింది.

కానిస్టేబుల్ పెన్ను మూత తీస్తుండగా డాక్టరమ్మ లోపలికి వచ్చింది. నా గడ్డం కింద చెయ్యి పెట్టింది.

"తల పైకెత్తు."

ఎత్తబోయాను. తల దిండుకు మేకు కొట్టినట్టు ఉంది, రాలేదు. మింగమంది. ఉమ్మి కూడా గొంతు దిగలేదు. ఆమె మొహంలో నిద్ర ఎగిరిపోయింది.

"నెక్ వీక్‌నెస్. ఇంటర్మీడియట్ సిండ్రోమ్‌లకు పోతున్నడు, ఊపిరి కండలు గూడ పడిపోవచ్చు. ఐసీయూకు షిఫ్ట్ చెయ్యండి, వెంటిలేటర్ రెడీ పెట్టండి." తరువాత కానిస్టేబుల్ వైపు తిరిగింది. "అన్నా, ఇతను తల ఊపలేదు. మెడ పడిపోయింది. పేషెంట్ నాట్ ఫిట్ ఫర్ స్టేట్‌మెంట్ అని రాసిస్త. నాలుగు దినాలు ఆగి రా."

నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమే దాటలేదు, జబ్బు అప్పుడే ఇంటర్మీడియట్‌కు వచ్చేసింది అనుకున్నాను. పైకి అనడానికి నాలుక తిరగలేదు. నా జోకు నాలోనే ఇరుక్కుపోయిన మొదటి రోజు అది. ఊపిరి తీసుకోవాలని గుర్తుపెట్టుకుని మరీ తీసుకోవలసి వచ్చిన మొదటి రోజు కూడా. పక్కన వెంటిలేటరు సిద్ధంగా ఉంది. నేను దాన్ని అనుమానంగా, అది నన్ను ఆశగా చూస్తూ రెండు రోజులు గడిపాం. చివరికి దాని అవసరం రాలేదు.

ఆదివారం సాయంత్రం చూడనిచ్చే వేళకు అమ్మా బాపూ నా మంచం పక్కన ఉన్నారు. డాక్టరమ్మ వచ్చింది. అప్పటికీ నాకు సరిగ్గా మాట రావడం లేదు. నా జీవితంలో మధ్యలో నోరు పెట్టకుండా విన్న మొదటి సంభాషణ ఇది, అందుకే మాట మాటా గుర్తుంది.

"అవ్వా, కడుపు కడిగిన నీళ్లల్ల మందు వాసన రాలేదు. వాడు విడిచిన చొక్కా ఎక్కడున్నది?"

అమ్మ బాపు వైపు చూసింది. బాపు పైకప్పు వైపు చూశాడు. చివరికి అమ్మ సంచి అడుగు నుంచి ముడేసిన ప్లాస్టిక్ కవరు తీసింది. బాణామతి చూసే మనిషి ఒకాయన శంకర్‌పల్లి పక్కన ఉన్నాడట, ఉతకని చొక్కా తెమ్మన్నాడట. అందుకని దాచిపెట్టింది. దవాఖానలో ఏ నర్సూ అంత భద్రంగా దాచేది కాదు. డాక్టరమ్మ గ్లౌజులు వేసుకుని కవరు విప్పింది. చామంతి వాసన, దాని వెనకే ఇంకో వాసన. ఎడమ భుజం దగ్గర పచ్చటి మరక.

"మొన్న మీ కొడుకు దుప్పటి మీద ఏం ఏరుతుండె?"

"పూలమ్మా. తెంపుతుండె. మోసేది వాడే గద."

"మూట దించినంక బుజం ఎందుకు తుడుసుకుంటుండె?"

"నీళ్లు గారుతయి. పూలు వాడొద్దని తడి చీరల గడ్త."

"ఏ దినాలు మోస్తడు?"

"సోమారం, బేస్తారం."

"జబ్బు ఏ దినాలు వస్తది?"

అమ్మ నోరు తెరిచింది. "సోమారం," అంది. తరువాత చాలా మెల్లగా, "బేస్తారం."

"చీర ఏ నీళ్లల్ల తడుపుతరు?"

"పొద్దుగాల కరెంటుండదు, మోటరు నడువదు. డ్రమ్ముల ఉన్నయే."

"పూలకు మందు దేంట్ల కలుపుతరు?" బాపును అడిగింది.

"గా డ్రమ్ములనే," అన్నాడు బాపు. "ముందటి దినం పొద్దుమీకి కొడత. తెల్లారి మార్కెట్లల్ల పురుగు కనవడొద్దు గద. అడుగుకు ఇంత మిగుల్తది. పారబోస్తమా, బెండకు పనికొస్తది. మునుపు రెండు డ్రమ్ములుండె మాకు, నీళ్లకొకటి, మందుకొకటి. వేరువడ్డప్పుడు ఒకటి తమ్మునికి..."

ఆయన అక్కడితో ఆగాడు.

అమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "ఆ అడుగుదాని మీదనే బిందెడు నీళ్లు పోసి ముంచుత," అంది. "ఎట్లయినా పూలకు కొట్టిందే గద అనుకున్న."

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "నీకు తల తిరుగుడు, కండ్లు మసక ఉన్నయా అవ్వా?"

"ఎప్పుడూ ఉంటయి. బీపీ అని గోళీలు ఇచ్చిన్రు."

"నీ రక్తం గూడ తీస్త. చెయ్యి చాపు."

కోలినెస్టరేజ్ అని రక్తంలో ఉండే ఒక ఎంజైముకు పరీక్ష ఉంది. ఈ రకం మందులు ఒంట్లోకి పోతే అది పడిపోతుంది. నాది అడుగంటింది, అమ్మది సగానికి దిగింది. నా తడి చొక్కా చర్మానికి అంటుకుని రోజంతా క్లాసులో కూర్చునేది. మందు తాగనక్కరలేదు, తొడుక్కుంటే చాలు.

బుధవారం కానిస్టేబుల్ మళ్లీ వచ్చాడు. డాక్టరమ్మ ఆయనకు డ్రమ్ము కథ అంతా చెప్పింది. టీ కంటే ముందే బస్టాపులో నేను వణుకుతున్నానని, ఆ మాట అన్నది మల్లేశమేనని, నోట్లో అన్నీ చేదుగా ఉండే జబ్బులో టీ తీపిగా ఎందుకుంటుందని కూడా చెప్పింది. ఆయన ప్యాడు మీద పెన్ను ఆనించాడు.

"మరి కారణం ఎవరని రాయాలమ్మా?"

"డ్రమ్ము అని రాయన్నా."

"డ్రమ్ముకు తండ్రి పేరేం రాయాలె?"

నవ్వితే మెడ నొప్పి పుట్టింది. అయినా నవ్వాను.

అమ్మ నవ్వలేదు. మూడు రోజులుగా ఆమె మాలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. కానిస్టేబుల్ వెళ్లాక డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"గన్ని అడిగినవ్ బిడ్డా. చీర ముంచింది ఎవరని ఒక్కసారి గూడ అడగలేదేంది?"

డాక్టరమ్మ నా కేస్‌షీట్ తీసి, అమ్మకు చదువు రాదని తెలిసీ, ఎదురుగా పట్టింది. "చూడు. ఎప్పుడు, ఎక్కడ, ఎట్ల. అన్నిటికీ జాగ ఉన్నది. ఎవరు అన్నదానికి జాగ లేదవ్వా. ఉంటే నేను ఈ పని చెయ్యకపోతుంటి."

అమ్మ అప్పుడు ఏడ్చింది. ఈసారి పక్క బెడ్ల వాళ్లకు వినబడకుండా.

డిశ్చార్జికి ముందు రోజు కాక లోపలికి వచ్చాడు. అన్ని రోజులూ డ్యూటీ దిగి వచ్చి వరండాలో కూర్చుని వెళ్లేవాడని అప్పుడే తెలిసింది. అమ్మ లేచి స్టూలు ఆయన వైపు జరిపింది. మా ఇంట్లో క్షమాపణ అంటే అంతే.

"కాకా," అన్నాను, "పోలీసాయన అడిగితే నేను తల ఊపిన. మెడ పడిపోలే. ఊపిన."

"ఎరుకే. తలుపు అద్దంలకెల్లి చూస్తనే ఉన్న." స్టూలు మీద కూర్చున్నాడు. "ఊపితే ఊపినవ్ గని, టీ చేదున్నదని ఎందుకన్నవ్‌రా? పోలీసోళ్లు పోయి ఆ హోటలాయనను అడిగొచ్చిన్రు. ఇప్పుడు నాకు ఆడ టీ పోస్తలేడు."

ఇంటికి వచ్చేసరికి మా తోటలో మోటరు పక్కన రెండు నీలం డ్రమ్ములు ఉన్నాయి. రెండోది ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు. అప్పటికి మాకు ఆ అలవాటు కొంచెం వచ్చింది.

పూర్తిగా కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. మొదట బిందె ఎత్తితే చేతులు వణికేవి. మెట్లెక్కితే ఆయాసం. వారం వారం రక్తపరీక్ష. ఆ ఏడు పరీక్షలు పోయాయి. మరుసటి ఏడు వెళ్లి ఎంపీసీ వద్దు, బైపీసీలో వేయండి అన్నాను. మళ్లీ అనుమానాలు మొదలు. మందు తలకెక్కిందన్నాడు బాపు. డాక్టరమ్మ మీద మనసుపడ్డాడన్నాడు రమేశ్. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ వైపు ఉరుకుతుంటే వీడెందుకు ఎదురు నడుస్తున్నాడని ప్రిన్సిపాల్ బాపును పిలిపించాడు. ఎంసెట్‌లో మొదటిసారి ర్యాంకు రాలేదు. రెండోసారి వచ్చింది. ఇప్పుడు ఒక సర్కారు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఆఖరి ఏడు.

ఎవరైనా "డాక్టర్ ఎందుకు కావాలనుకున్నవ్, పేదలకు సేవ చెయ్యాలనా?" అని అడుగుతారు. అవునంటే టీ ఇస్తారు కాబట్టి అవుననే అంటాను. నిజం వేరు. మా ఇంట్లో అందరం అనుమానం మనుషులమే: బాపుకు నా మీద, అమ్మకు కాక మీద, నాకు టీ మీద. ఇంత అనుమానం పెట్టుకుని ఒక్క చొక్కాను అనుమానించలేకపోయాం. ఆ డాక్టరమ్మ మా అందరికంటే ఎక్కువ అనుమానించింది, నన్ను కూడా వదల్లేదు. కానీ ఒక్కరి మీదా నేరం వేయలేదు. అనుమానాన్ని అలా కూడా వాడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. వంశపారంపర్యంగా వచ్చిన గుణం, ఉత్తగా పోనివ్వడం ఎందుకు అనిపించింది.

ఒళ్లు ఇప్పుడు బాగుంది. చామంతి వాసన వస్తే మాత్రం చెయ్యి దానంతట అదే ఎడమ భుజం తుడుస్తుంది. పెళ్లిళ్లకు వెళితే నన్ను చూసి దండ పడదేమో అనుకుంటారు.

మీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు ఏదైనా ఉంటే, దవాఖానకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. ఏ వారం, ఏ పూట వచ్చింది, ఆ రోజు నిద్ర లేచిన దగ్గరి నుంచి ఏం చేశారు, ఏం తొడుక్కున్నారు, ఏం మోశారు, ఏ నీళ్లు వాడారు, అన్నీ రాయండి. ఎంత చిన్నదైనా వదలొద్దు. ఎవరు చేశారన్నది మాత్రం రాయకండి. ఆ ఒక్క గడి ఖాళీగా ఉంచండి.

మా అమ్మకు రాయడం రాదు. ఆమె నీళ్ల డ్రమ్ముకు తన పాత చీర అంచు చింపి కట్టింది, మందు డ్రమ్ముకు ఏమీ కట్టలేదు. పూలు కట్టే చీర ఇప్పుడు అంచు కట్టిన డ్రమ్ములోనే మునుగుతుంది. మూట మాత్రం కాకే మోస్తాడు, సుమో వెనక సీట్లో. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కేసరికి బండంతా చామంతి వాసన వస్తుందట. ఇదేం వాసన అని వాళ్లు అనుమానంగా అడుగుతారట. దేవుడికి పెట్టిన పూలు అని చెబుతాడట కాక.